ప్రతి వారం ఒక డి ప్యాకెట్

మా చెల్లెలి కూతురు ఫార్మసీ చదువు పూర్తిచేసి సర్కారు ఆసుపత్రిలో చేరబోతోంది. "పెద్దమ్మా, పని ఎట్లుంటది? నాలుగు ముక్కల్ల చెప్పు" అని అడిగింది. చెప్పాను: నిలబడాలి, చదవాలి, ఇవ్వాలి, చెప్పాలి. ఇంతేనా అని పెదవి విరిచింది. మొదటి మూడింటికీ కాలేజీలో మార్కులు వేస్తారు. నాలుగోదాన్ని ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ నాలుగో దాంట్లోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా మందుల కిటికీ వెనక నిలబడ్డాను. మొదట కాగజ్‌నగర్ వైపు, తర్వాత పెద్దపల్లి దగ్గర, చివరికి సాంచెల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ వినిపించని ఒక చిన్న పట్నంలో. సాంచె అంటే మరమగ్గం. ఆ పట్నం పేరు రాయను. రాస్తే ఊరివాళ్లు తమ గురించి రాశానని మురిసిపోతారు, ఆసుపత్రివాళ్లు తమ గురించి కాదని ప్రకటన ఇస్తారు.

కిటికీ

సర్కారు ఆసుపత్రిలో మందుల కిటికీ ఎంత ఉండాలో ఎవరు కొలిచారో గానీ, మహా తెలివైనవాళ్లు. చెయ్యి పడుతుంది, తల పట్టదు. పొట్టివాళ్లు మునివేళ్ల మీద లేవాలి, పొడుగువాళ్లు నడుం వంచాలి. ఎవరికీ పక్షపాతం లేకుండా అందరికీ సమానంగా ఇబ్బంది కలిగించడమే ప్రభుత్వ న్యాయం కదా.

లోపల మన పని సులువని డాక్టర్లు అనుకుంటారు. వాళ్లు రాస్తారు, మనం ఇస్తాం. వాళ్లు రాసింది చదవడానికి మాత్రం పురావస్తు శాఖలో కొన్నాళ్లు పనిచేసి ఉంటే మంచిది. ఒక డాక్టరు రాసిన చీటీ ఆయనకే తిరిగి చూపిస్తే, "ఇది నేను రాసింది కాదు" అన్నాడు. కింద సంతకం కూడా ఆయనదే. ఆ సంతకాన్నీ చదవలేకపోయాడు.

కాగజ్‌నగర్ వైపు నా పైన ఒక పెద్ద ఫార్మసిస్టు ఉండేవాడు. సన్నగా, నెమ్మదిగా, మాట తక్కువ మనిషి. మందు చేతికిచ్చి, ఎలా వేసుకోవాలో చెప్పి, వెంటనే పొమ్మనేవాడు కాదు. "నేనేం జెప్పిన్నో నువ్వు జెప్పు" అనేవాడు. మరాఠీ మాట్లాడే వాళ్లొస్తే "కాయ్ సాంగిత్లం, సాంగా" అనేవాడు. వాళ్లు చెప్పేదాకా చీటీ వదిలేవాడు కాదు. చెప్పలేకపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. ఆయన లైను మధ్యాహ్నం రెండైనా తెగేది కాదు. నా లైను పన్నెండుకే ఖాళీ. ఎంత చురుకో అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించే పంతులులాగా ఉన్నాడని ఆయన్ను వెక్కిరించాను కూడా. ఆయన విన్నాడు, తర్వాతి చీటీ అందుకున్నాడు.

వేడి

మా వైపు ఆడవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాదు. వేడి చేస్తుంది.

ఒంటికి పోతే మంట పుట్టినా వేడే, పొత్తికడుపు గుంజినా వేడే, చలిపెట్టి జ్వరమొచ్చినా వేడే. ఈ మాట డాక్టరు ముందు కూర్చుని చెబుతారు. మగ డాక్టరైతే ఇంకేమీ చెప్పరు. ఆయన ఎండాకాలమైతే ఓఆర్ఎస్ పొట్లాలు రాస్తాడు, చలికాలమైతే ఆశ్చర్యపోయి ఓఆర్ఎస్ పొట్లాలే రాస్తాడు. ఆ చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరకు వస్తారు. వెనకున్న మగవాళ్లు అటు తిరిగేదాకా ఆగి, కిటికీలోకి మూతి పెట్టి గుసగుసగా మొదలుపెడతారు.

"అమ్మా, ఒంటికి పోతే సూదులు గుచ్చినట్టు అయితాంది."

"సారుకు జెప్పినవా?"

"వేడి చేసిందని జెప్పిన."

"మంట అని జెప్పలేదా?"

"గట్లెట్ల జెప్తమమ్మా, మొగాయనకు!"

ఇక నేను చీటీ మీద ఒక మూల చిన్నగా మూత్ర పరీక్ష అని రాసి వెనక్కి పంపేదాన్ని. అలా రాసే అధికారం నాకు లేదు. అధికారం ఉన్నవాళ్లకు విషయం తెలియదు. కాబట్టి లెక్క సరిపోయేది.

ఈ వేడి ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ పట్నంలో మగవాళ్లు సాంచెలు నడుపుతారు, ఆడవాళ్లు కార్ఖానా పక్కన ఒక గదిలో కూర్చుని కండెలకు నూలు చుడతారు. గాలికి నూలు ఎగురుతుందని కిటికీలు మూస్తారు. పగలే లైటు వేసుకోవాలి. మగవాళ్లకు గోడ వెనక ఖాళీ స్థలం ఉంది, ఆడవాళ్లకు గోడ కూడా లేదు. ఒకావిడను అడిగాను, పొద్దంతా ఎన్నిసార్లు పోతావని. "పొద్దుగాల ఇంట్ల పోతే మల్ల మాపటికి ఇంట్లనే" అంది. నీళ్లు తాగమన్నాను. నా అమాయకత్వానికి నవ్వింది. "నీళ్లు తాగితె ఒంటికి వస్తది గదమ్మా!"

దీనికి మందు నా కిటికీ వెనక లేదు. కార్ఖానా షావుకారు దగ్గర ఉంది: నాలుగు గోడలు, ఒక తలుపు, లోపలినుంచి వేసుకునే గొళ్లెం. ఇది ఏ డాక్టరూ రాయడు, రాసినా ఏ షాపులోనూ దొరకదు.

ఎండ సారు

మా ఆసుపత్రికి ఒక డాక్టరుగారు బదిలీ మీద వచ్చారు. వేరే జిల్లా మనిషి. మంచివాడే, అది ముందే చెప్పాలి. ఉదయం తొమ్మిదికల్లా కుర్చీలో ఉండేవాడు. రోగులను కసిరేవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒకటే. ఏ సదస్సుకు వెళ్లొస్తే ఆ సదస్సు జబ్బు ఊరందరికీ కనబడేది. వచ్చిన ఏడాది పట్నమంతా థైరాయిడ్. మరుసటి ఏడాది హైదరాబాదు వెళ్లి ఒక సంచి, ఒక పెన్ను, డి విటమిన్ తెచ్చుకున్నాడు.

ఇక మోకాళ్ల నొప్పి వస్తే డి తక్కువ. జుట్టు రాలితే డి తక్కువ. కోడలు మాట వినకపోయినా డి పరీక్ష రాసేవాడేమో, ఎవరూ అడగలేదు. వచ్చిన వాళ్లందరినీ పొద్దున్నే ఎండలో నిలబడమనేవాడు. మేం ఆయనకు ఎండ సారు అని పేరు పెట్టాం.

మూత్రం ఇన్‌ఫెక్షన్ల విషయంలో ఆయన చెప్పింది పూర్తిగా కల్పన కాదు. ఒంట్లో డి తక్కువున్న వాళ్లలో ఈ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ కనబడుతున్నాయని వైద్యులు రాస్తున్నారు. మూత్రాశయం గోడ క్రిములతో పోట్లాడటానికి తనే ఒక పదార్థం తయారుచేసుకుంటుందట, దానికి డి సాయం కావాలట. అంతవరకు బాగుంది. కానీ డి ఇస్తే ఇన్‌ఫెక్షన్లు ఆగుతాయా అంటే అందరూ ఒక్క మాట మీద లేరు. తక్కువున్న వాళ్లలో ఎక్కువ అనడం ఒక మాట, ఇస్తే తగ్గుతుందనడం ఇంకో మాట. చీకటి గదిలో పొద్దంతా కూర్చునే మనిషికి ఎండ తగలదు కాబట్టి డి తగ్గుతుంది. అదే గదిలో నీళ్లు తాగక, ఒంటికి పోక ఇన్‌ఫెక్షన్ వస్తుంది. రెండింటినీ కన్న తల్లి ఆ గదే అయి ఉండొచ్చు కదా. ఈ మాట నేను సారుతో అన్నాను.

"మీరు ఫార్మసిస్టు కదమ్మా" అన్నాడాయన, చాలా మర్యాదగా.

"అవును సార్" అన్నాను. ఉద్యోగంలో నాకు బాగా వచ్చిన వాక్యం అదొక్కటే.

అప్పుడే రాజవ్వ వచ్చింది. నలభై దాటిన మనిషి, కండెలు చుడుతుంది, భర్త సాంచె నడుపుతాడు. ఏడాదిలో నాలుగోసారి అదే మంట. ఈసారి నేను నేర్పితే సారుకు నోరు తెరిచి మంట అని చెప్పింది. ఆయన పొంగిపోయి డి పరీక్ష రాశాడు. బయట ల్యాబులో చేయించుకుని వచ్చింది. నిజంగానే బాగా తక్కువ ఉంది. చీకటి గదిలో ఎక్కువ ఎందుకుంటుంది? సారు యాంటీబయాటిక్ రాసి, డి ప్యాకెట్లు రాసి, రోజూ అరగంట ఎండలో నిలబడమన్నాడు. ఆమె నా దగ్గరకు పరేషాన్‌గా వచ్చింది.

"అమ్మా, వేడి చేసిందని వస్తే ఎండల నిలవడుమంటుండు. గీ సారుకు పానం మంచిగనె ఉన్నదా?"

నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అలా మాకు స్నేహం కుదిరింది.

నేను చెప్పింది

డి ప్యాకెట్ చూడటానికి ఏమీ ఉండదు. చెంచాడు పొడి. కానీ అందులో అరవై వేల యూనిట్లు. ఏడు రోజులకు ఒకటి మించితే మందు కాదు. మంచిదే కదా, ఇంకాస్త వేసుకుంటే ఏమవుతుంది అనడానికి ఇది పసుపు నీళ్లు కాదు. ఎక్కువైన డి రక్తంలోకి కాల్షియాన్ని తోడిపోస్తుంది. ఆ కాల్షియం కిడ్నీల మీద పడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను.

ఆ రోజు అంగడి, అంటే సంత. లైను ఆసుపత్రి గేటు దాకా ఉంది. రాజవ్వతో నేనేమన్నానో మాట మాటా గుర్తుంది.

"గిది ఎట్ల తాగాలమ్మా?"

"పాలల్ల కలుపుకొని తాగు. ప్రతి వారం ఒకటి."

"నాకు సోమారం ఒక్కపొద్దు. సోమారం గూడ తాగొచ్చునా?"

"పాలే గదా, ఏం గాదు. ఏ వారమైనా సరే. మర్వకు."

"ప్రతి వారం?"

"ప్రతి వారం."

ఆమె తిరిగి అడిగింది, నేను తిరిగి చెప్పాను. పైగా చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాశాను కూడా: ప్రతి వారం ఒకటి, మూడు నెలలు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. మా దగ్గర నాలుగు ప్యాకెట్లే ఉంటే అవి ఇచ్చి, మిగతావి బయట తీసుకోమన్నాను. లైను కదిలింది.

ఒక్క వారం తప్పలే

నెలన్నర తర్వాత రాజవ్వ మళ్లీ వచ్చింది. ఒకటే దాహం, ఎన్ని నీళ్లు తాగినా ఆగదు. గంట గంటకూ ఒంటికి పోవాలి. తిన్నది కక్కుతోంది. మలబద్ధకం. సారు షుగరు చూశాడు, లేదు. మాటిమాటికి ఒంటికి పోతోంది కాబట్టి మళ్లీ ఇన్‌ఫెక్షనే అని తేల్చాడు. నేను మాత్రల డబ్బాల లెక్క ఇవ్వడానికి ఆ గదిలోకి అప్పుడే వెళ్లాను. అంతా నా ముందే జరిగింది.

"డి ప్యాకెట్ వేసుకుంటున్నావా?" అని అడిగాడు సారు.

"ఏసుకుంటున్న సారూ. ఒక్క వారం గూడ తప్పలే."

సారు మొహం వెలిగింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగాడు. "చూశారా? పేషెంట్ అంటే ఇలా ఉండాలి. మీకు రాసిస్తే రెండు వేసుకుని మానేస్తారు" అన్నాడు. నేను కూడా తలూపాను. రాజవ్వ సిగ్గుతో కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆమెను ఒక ఆసుపత్రిలో, అందరి ముందు, ఒక డాక్టరు మెచ్చుకోవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆ మెచ్చుకోలు పుచ్చుకుని ఇంటికి పోయి, కక్కుకుంటూ కూడా తాగింది.

ఇంకో మూడున్నర వారాలు గడిచాయి. ఒక శుక్రవారం ఉదయం భర్త ఆమెను పట్టుకుని తీసుకొచ్చాడు. సారు ఇంకా రాలేదు. ఆమె నా కిటికీ కింద నేల మీద కూలబడింది. కళ్లు మూతలు పడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. నేను బయటకు వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నిన్నటి బేస్తారంది తాగిన, కడుపుల ఉన్నది. ఇయ్యాల శుక్కురారంది తాగంగనె కక్కిన. మల్లోటి తాగాల్నా?"

"ఏందే? మల్ల జెప్పు."

"సోమారంది, మంగళారంది, బుధారంది, అన్ని మంచిగనె తాగిన" అంటూ వేళ్లు మడిచింది. "ఐతారంది గూడ తాగిన. ప్రతి వారం ఒకటి, నువ్వే జెప్పినవు గద."

ఆ పట్నంలో ఏడు రోజులకు ఒక పేరుంది. హప్తా. సాంచెల మీద కూలి హప్తాకోసారి వస్తుంది. హప్తా అంటే పసిపిల్లకు కూడా తెలుసు. ఇక వారం అంటే రోజు. ఇయ్యాల ఏం వారం అని అడుగుతారు, బేస్తారం అంటారు. ఏ వారం నీసు తినవు అని అడుగుతారు, సోమారం అంటారు. ఆమెకు ప్రతి వారం అంటే సోమవారం, మంగళవారం, బుధవారం, అన్నీ. ఏ వారమైనా సరే అని నేను చెప్పాను కాబట్టి ఒక్కపొద్దు నాడు కూడా వదల్లేదు. మందుల షాపాయన నా ముత్యాల్లాంటి అక్షరాలు చూసి అడిగినన్ని ఇచ్చాడు. ఒక్కసారి కూడా, ఇన్నెందుకమ్మా అనలేదు. మా లెక్కలో పది వారాలు. ఆమె డెబ్బై వారాలు వేసుకుంది.

నేను ఆ ప్రాంతం దాన్నే. నాకు హప్తా తెలుసు, ఐతారం తెలుసు. ఇంట్లో నేను మాట్లాడేదీ అదే. కిటికీ వెనక నిలబడగానే మాత్రం పుస్తకం మాట నోట్లోకి వచ్చింది. తెల్లకోటు వేసుకుంటే భాష కూడా తెల్లబడాలనుకున్నాను కాబోలు.

సూచనలు పాటించలేదు

సారు వచ్చీ రాగానే చెప్పాను. కాల్షియం పరీక్ష చేయిస్తే ఎక్కడో ఉంది. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగి ఉంది. ఆ దాహం, ఆ ఒంటికి పోవడం, ఆ కక్కడం అన్నీ డి ఎక్కువైన గుర్తులే. మేం వాటిని చూసి శభాష్ అన్నాం. అప్పటికప్పుడు అంబులెన్సు పిలిచి కరీంనగర్ పంపించాం.

పంపేటప్పుడు ఒక కాగితం పంపాలి. సారు రాశాడు: రోగి సూచనలు పాటించలేదు, మోతాదు సొంతంగా పెంచుకుంది. కింద తను సంతకం పెట్టి, కాగితం నా వైపు తోశాడు. "మందు ఇచ్చింది మీరు కదా, మీరు కూడా" అన్నాడు. పెన్ను కూడా మూత తీసి ఇచ్చాడు. మంచివాడే అని ముందే చెప్పాను.

రాజవ్వ వెంట తెచ్చిన పాత చీటీ నా చేతిలోనే ఉంది. వెనక నా అక్షరాలున్నాయి. అది చూపించి ఆ వాక్యం కొట్టేయమని అనొచ్చు. రిటైరవడానికి నాకింకా రెండేళ్లుంది. విచారణ అంటే భయమేసింది. సంతకం పెట్టాను. చీటీ మడిచి నా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నావని అడగొద్దు. నాకు తెలుసు, మీకూ తెలుసు.

సూచనలు పాటించని రోగులు నాకు లెక్కలేనంతమంది తెలుసు. జ్వరం తగ్గగానే గోళీలు గేదెకు వేసేవాళ్లు, బీపీ మాత్ర పక్కింటావిడతో సగం పంచుకునేవాళ్లు. వాళ్ల మీద ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. నా ఉద్యోగంలో అక్షరం పొల్లు పోకుండా పాటించిన ఒకే ఒక్క మనిషి మీద రాశాం.

ఆ రోజు తర్వాత వారం అన్న మాట కిటికీ దగ్గర నా నోట రాలేదు. "హప్తాకొకటి, కూలి వచ్చిన నాడు తాగు" అనేదాన్ని. అని, చీటీ వదలకుండా, "నేనేం జెప్పిన్నో నువ్వు జెప్పు" అనేదాన్ని. నా లైను రెండు దాటినా తెగేది కాదు. కొత్తగా చేరినవాళ్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు. నేను తర్వాతి చీటీ అందుకునేదాన్ని.

కరీంనగర్

రాజవ్వ బతికింది. చాలా రోజులు సెలైన్లు ఎక్కించి కాల్షియం దించారు. కిడ్నీలు మాత్రం పూర్తిగా పాత దారికి రాలేదు. మూడు నెలలకోసారి కరీంనగర్ పోయి చూపించుకోవాలి. నేను ఆమె వెంట పోవడం మొదలుపెట్టాను. చీటీలు చదివేదాన్ని, రిపోర్టులు అర్థమయ్యేలా చెప్పేదాన్ని. రిటైరైనా మానలేదు. ఊర్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. రాజవ్వ భర్త చేతులు జోడించి, "సొంత అక్క గూడ గిట్ల చెయ్యదమ్మా" అన్నాడు. ఇలాంటివి తీసుకోవడం నాకు బాగా అలవాటైంది.

అక్కడ ఎప్పుడూ ఒకరే డాక్టరు ఉండరు. కొత్తవాళ్లు రాగానే మొదటి కాగితం తీసి చదువుతారు. సూచనలు పాటించలేదు అన్న వాక్యం కనబడుతుంది. అందరూ ఒకే రకంగా మందలిస్తారు. రాజవ్వ తల దించుకుని, "తప్పయింది" అంటుంది. నేను పక్కన కుర్చీలో రిపోర్టు కాగితాలు సరిచేస్తూ కూర్చుంటాను. మూడేళ్లుగా ఇదే పద్ధతి.

కిందటిసారి వెళ్లినప్పుడు ఒక డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు. కాగితం చదివి చిరాకుపడింది.

"సొంత వైద్యం ఎందుకమ్మా? చెప్పింది చెప్పినట్టు చేస్తే ఈ గతి పట్టేదా?"

"సదువు లేనిదాన్ని మేడం. మంద బుద్ధి నాది" అంది రాజవ్వ. నా చెయ్యి పట్టుకుంది. "గీ అమ్మ లేకుంటే ఎప్పుడో మట్టిల కలుద్దును."

ఆ చెయ్యి నా చేతి మీద ఉండగా నాకు సిగ్గేసింది. ఇది గొప్ప కోసం రాయడం లేదు, అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

"మేడం, ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది" అన్నాను. "చెప్పింది నేను. ఆ ఆసుపత్రిలో ఫార్మసిస్టును. ప్రతి వారం అన్నాను. ఆమె భాషలో వారం అంటే రోజు. ఆ కాగితం మీద కింది సంతకం నాదే."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. పాత కాగితం మార్చడం కుదరదంది. కొత్త కాగితం మీద ఒక వాక్యం రాసింది: మందు ఇచ్చినవారి సూచనలో పొరపాటు, రోగి తప్పు లేదు. చదివి వినిపించి సంతకం పెట్టింది. రెండు నిమిషాల పని.

బయటకు వచ్చాక రాజవ్వ మెట్ల మీద ఆగింది.

"అమ్మా, గామె సదివింది నిజమేనా? నా తప్పు లేదా?"

"లేదు."

"మా ఇంట్ల మూడేండ్ల సంది నన్ను తెల్వి లేనిది అంటున్నరు. కొడుకు లగ్గం మాటలప్పుడు గూడ నన్ను అడుగలే. నీకేం ఎరుక, నువ్వు ఊకో అన్నరు. నేను ఊకున్న. నేను గూడ గట్లనె అనుకున్న." ఒక మెట్టు దిగి నా వైపు తిరిగింది. "గీ ముచ్చట నీకు ఇప్పుడు ఎరుకైందా, అప్పుడే ఎరుకనా?"

"అప్పుడే ఎరుక" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతిలో ఉన్న తన ఫైలు తీసుకుంది. కొత్త కాగితం ఏదని అడిగి, అది పైకి వచ్చేలా పెట్టుకుంది. కొంగు చుట్టూ కప్పుకుని బస్టాండు వైపు నడిచింది. నేను వెనక నడిచాను. బస్సెక్కి ఇంకో ఆవిడ పక్కన కూర్చుంది. నాకు వెనక సీటు దొరికింది. ఊరొచ్చేదాకా ఆమె తిరిగి చూడలేదు.

తర్వాతి తారీఖుకు ముందురోజు నేను ఫోను చేశాను, ఎన్ని గంటల బస్సుకు పోదామని. ఆమె కొడుకు ఎత్తాడు. తల్లి పొద్దున్నే ఒక్కతే పోతానంటోందని చెప్పాడు. ఒక్కతే పోయింది, ఒక్కతే వచ్చింది. ఆ రిపోర్టులో ఏముందో నాకు తెలియదు.